వంట వంతు

ఆదివారం పొద్దున ఎయిర్‌పోర్ట్ పక్కన అజైబాలోని ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరిచేసరికి శ్రీలతకు తెర మీద పదిహేడు ఎర్ర గళ్లు కనిపించాయి. ఒక్కో ఎర్ర గడి అంటే ఆలస్యంగా కదిలిన ఒక్కో విమానం. మొన్న మంగళవారం దాకా వారానికి రెండో మూడో ఉండేవి, అవి కూడా దుమ్ము లేచిన రోజుల్లో. నాలుగు రోజుల్లో పదిహేడు అంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. తెర మూసి మళ్లీ తెరిచింది. పదిహేడే.

విమానం దిగాక సామాను దించడం, మళ్లీ ఎగిరేలోగా కొత్త సామాను ఎక్కించడం వాళ్ల కంపెనీ పని. ఆ పనికి తొంభై ఆరుమంది లోడర్లున్నారు. ఏ గంటకు ఎందరు కావాలి, ఎవరు ఎన్నింటికి డ్యూటీ ఎక్కాలి, ఎవరికి ఏ రోజు సెలవు అన్నది లెక్కగట్టి రోస్టర్ తీయడం శ్రీలత పని. వారానికి నాలుగొందల చిల్లర విమానాలు, పదకొండు రకాల డ్యూటీ వేళలు. చేత్తో వేసుకుంటూ కూర్చుంటే మనవళ్ల కాలానికి కూడా తేలని లెక్క అది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఈ పిల్ల దానికొక ప్రోగ్రామ్ రాసింది. నలభై నిమిషాలు నడిచి, ఇంతకన్నా మంచి రోస్టర్ లేదని అది తేల్చి చెబుతుంది. ఆగస్టు చివర్లో దాన్ని మొదలుపెట్టారు. అప్పటినుంచి ఒక్క మనిషిని కూడా కొత్తగా తీసుకోకుండా, కూలీలు పనులకు పోయే దుక్మ్ రేవు విమానాలు రోజుకు ఆరింటి పని అదనంగా లాక్కొచ్చారు. పదకొండు వారాలు ఎక్కడా బెసకలేదు. కంపెనీ డైరెక్టర్ సాలిం వచ్చినవాళ్లందరికీ ఆమె గ్రాఫులు చూపించి మురిసిపోయాడు. ఈ గురువారం ఆమెను ప్లానింగ్‌కు హెడ్‌గా వేస్తానన్నాడు. కాగితం చేతికి రాకముందే శ్రీలత ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది. కాగితం దాకా ఆగే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు.

తొమ్మిదింటికి కమ్రాన్ వచ్చాడు. విమానాలు ఆగే సిమెంటు మైదానాన్ని ర్యాంప్ అంటారు. దానికి మేనేజర్ అతను. అక్కడ ఏం ఆలస్యమైనా ముందు మొట్టికాయ పడేది అతని నెత్తినే. కరాచీవాడు, మంచివాడే, కాకపోతే నాలుగు రోజులుగా నిద్ర లేక కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. కూర్చోకుండానే ఆమె బల్ల మీద ఒక బొత్తి పెట్టాడు. నీ రోస్టర్‌లో ఏ తప్పూ లేదు, ఇది మనుషుల పాపం అన్నాడు.

సంగతి ఏమిటంటే, లోడర్లు ఒకరి కార్డు ఒకరు కొడుతున్నారు. తెల్లవారుజామున నాలుగింటి డ్యూటీ ఒకడికి పడితే వాడి కార్డు పట్టుకుని ఇంకొకడు వస్తున్నాడు. ఎయిర్‌పోర్ట్ గేటులో పాస్ ఎవరిది వాళ్లదే, కంపెనీ గేటులో కొట్టే కార్డు మాత్రం పక్కవాడిది. రెండు చిట్టాలూ పక్కపక్కన పెడితే పదకొండు వారాల్లో రెండు వేల మూడు వందల మార్పులు బయటపడ్డాయి. దాంతో కమ్రాన్ పోయిన బుధవారం ముఖం చూసి హాజరు వేసే మిషన్ పెట్టించాడు. ఆ రోజు నుంచి కార్డుల ఆట కట్టు. ఆ రోజు నుంచే ఈ ఎర్ర గళ్లు. ఆట కట్టిందన్న కసితో కావాలనే నిదానంగా పనిచేస్తున్నారని కమ్రాన్ తేల్చాడు. దీనికంతటికీ పెద్దతలకాయ పెద్దులు అనే ముఠా మేస్త్రీ. వాడినీ ఇంకో ఆరుగురినీ వీసా రద్దు చేసి ఊరికి పంపే కాగితాలు తయారయ్యాయి. గురువారం సాలిం సంతకం పెడతాడు. వాటికి జతగా శ్రీలత నుంచి ఒక పేజీ కావాలి. రోస్టర్ ప్రకారం మనుషులు సరిపడా ఉన్నారు, ఆలస్యానికి కారణం పనిదొంగతనమే అని రాసిస్తే చాలు.

రాయడానికి పది నిమిషాలు పట్టదు. ఆ మాట నిజమనే ఆమె నమ్మింది కూడా. అయినా ఆమెకు ఒక మొండితనం ఉంది. తను కొలవని దాని కింద సంతకం పెట్టదు. రేపు ర్యాంప్ మీదికి వచ్చి నేనే చూస్తానంది. చూడ్డానికేముంది అన్నాడు కమ్రాన్. ఏమీ లేకపోతే చూడ్డం ఇంకా తేలిక కదా అంది.

*

సోమవారం పదకొండింటికి పసుపు జాకెట్ తొడుక్కుని, చెవులకు డిప్పలు పెట్టుకుని, దుక్మ్ పోయే విమానం రెక్క పక్కన నిలబడింది. నవంబరే అయినా సిమెంటు నేల కింది నుంచి సెగ కొడుతోంది. ఫోన్‌లో గడియారం నొక్కింది.

ఆమె రోస్టర్ ఇచ్చిన అయిదుగురూ వేళకే వచ్చారు. ట్రాలీ దగ్గర ఒక బెంగాలీ, సామాను పైకెక్కించే బెల్టు మొదట్లో పెద్దులు, విమానం కడుపు తలుపులో ఒక నేపాలీ, లోపల ఇద్దరు. ఆ కడుపులో నిలబడే ఎత్తు లేదు. మోకాళ్ల మీద పాకుతూ సామాను పేర్చాలి. దుక్మ్ సామాను సూట్‌కేసుల సామాను కాదు. తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, దుప్పట్ల మూటలు, ఇనుప పనిముట్ల డబ్బాలు. బరువైనవి అడుగున, వాటి సందుల్లో ఇరికేవి తర్వాత, చేతి సంచులు పైన. లోపలివాడికి ఇప్పుడు ఏ సైజు కావాలో కింద ట్రాలీ దగ్గరున్నవాడికి తెలియాలి.

తెలియలేదు. లోపల గంగాప్రసాద్ అనే కుర్రాడు సందులోకి చిన్న పెట్టె కావాలని తెలుగులో అరిచాడు. ఇంజన్ల హోరులో అది నేపాలీ దాకా వచ్చి ఆగిపోయింది. బెల్టు మీద పెద్ద మూట వచ్చింది. దాన్ని వెనక్కి తిప్పి పంపారు. బెల్టు ఆపారు. పెద్దులు చేతులతో కొలత చూపించాడు, బెంగాలీ తలూపి ఇంకోటి తీశాడు, అదీ పెద్దదే అయింది. అయిదుగురి జాకెట్లూ వీపున తడిసి అతుక్కుపోయాయి. ఒక్కడు ఒక్కసారి నీళ్లు తాగాడు. అంతకుమించి ఎవరూ ఆగింది లేదు. బెల్టు మాత్రం నాలుగుసార్లు ఆగింది.

తలుపు మూసేసరికి గడియారం ముప్పై ఒక్క నిమిషాలు చూపించింది. ఆమె లెక్కలో ఈ పనికి ఇరవై రెండు. ఆ ఇరవై రెండూ గాలిలోంచి తెచ్చినవి కావు. పోయిన జనవరిలో ఇదే మైదానంలో, ఇదే రకం విమానానికి, ఇలాగే నిలబడి వారం రోజులు కొలిచింది.

విమానం కదిలాక పెద్దులు ట్రాలీ నీడలో కూర్చుని దస్తీతో మెడ తుడుచుకుంటున్నాడు. పొట్టి మనిషి, యాభై దగ్గర పడిన వయసు, ముంజేతులు మాత్రం పాతికేళ్లవాడివి. జగిత్యాల పక్క పల్లె. ఆమె వచ్చి ఎదురుగా నిలబడితే లేవబోయాడు. కూర్చోమని తనూ ట్రాలీ అంచు మీద కూర్చుంది.

"మీరు కావాలనే నిదానంగా చేస్తాండారని కమ్రాన్ అంటాండాడు. నిజమేనా అన్నా?"

పెద్దులు దస్తీని మెడకు చుట్టుకున్నాడు.

"నిదానంగ జేస్తె నడుము ఇరుగుతది మేడం. ముప్పై కిలోల పెట్టె ఊపు మీద పోతె అలకగ పోతది. నడుమల ఆపి పట్టుకుంటెనే బరువు. కావాల్నని ఎవడన్న బరువు మోస్తడా?"

 బెల్టు ఆగిన నాలుగుసార్లూ గంగాప్రసాద్ పెట్టెను ఒడిలో పట్టుకుని మోకాళ్ల మీద అలాగే ఉండిపోవడం ఆమె చూసింది.

"కార్డులు మార్చింది నిజం. దొంగ అంటె పడ్త. పనిదొంగ అంటె మాత్రం ఊకోను. పందొమ్మిదేండ్ల సంది గీ దేశంల ఉన్న. ఆ మాట మీద ఇంటికి పోతె ఊరోల్లకు నా మొకం ఎట్ల సూపియ్యాలె?"

మరి కార్డులెందుకు మార్చినారని అడిగింది. ఇక్కడ చెబితే ఆమెకు ఎక్కదన్నాడు. రేపు తనకు సెలవు, తాముండే క్యాంపుకు వస్తే చూపిస్తాను, అన్నం కూడా అక్కడే తినొచ్చు అన్నాడు. వీసా పోయే మనిషి పిలుపులా లేదు ఆ పిలుపు. శ్రీలతకు కాస్త చిరాకేసింది. అయినా వస్తానంది.

*

ఘలాలోని క్యాంపుకు మంగళవారం పదకొండింటికి, ఇన్‌చార్జి అనుమతితో కంపెనీ కారులో వెళ్లింది. పన్నెండు రూములు, రూముకు ఎనిమిదిమంది. ఏడు రూములు తెలంగాణవి, మిగతావి నేపాలీలవీ బెంగాలీలవీ. చివర రేకుల వంటశాల. అందులో పన్నెండు పొయ్యిలుంటే మూడే వెలుగుతున్నాయి. మిగతావి చల్లగా పడి ఉన్నాయి. ఒక పొయ్యి దగ్గర పెద్దులు పప్పులో పుంటికూర వేసి తిప్పుతున్నాడు. గోంగూరా అంది శ్రీలత. మీకు గోంగూర, మాకు పుంటికూర, పుల్లగ ఉండుడు ఒక్కటే అన్నాడు.

గోడకు తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. ప్రతి తేదీ గడిలో పన్నెండు చిన్న పేర్లు స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. ఇది వంట వంతు అని చూపించాడు. పోయిన బుధవారం నుంచి ఆ గళ్లు ఖాళీగా ఉన్నాయి.

పెద్దులు గరిటె పట్టుకునే చెప్పుకుంటూ పోయాడు. రూములో ఎనిమిదిమందికీ ఒక్కడే వండుతాడు. రోజుకొకడి వంతు. వంతున్నవాడికి ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ పడాలి. పొద్దున లేచి వండి, డబ్బాలు కట్టి, పదకొండున్నర బస్సులో తీసుకొస్తాడు. పొద్దుటి డ్యూటీకి పోయిన మిగతావాళ్లు పన్నెండింటికి వేడి అన్నం తింటారు. మధ్యాహ్నం డ్యూటీ రూములకు ఇదే తిరగేసి. ఇది జరగాలంటే వంతున్నవాడు తప్ప మిగతా రూమంతా ఒకే వేళకు డ్యూటీ ఎక్కాలి. శ్రీలత రోస్టర్‌లో రూము నంబరన్నదే లేదు. ఒక రూములో ఎనిమిదిమందికి ఏడు వేళలు పడ్డాయి. ఎవడు వండాలి, ఎవరికి వండాలి, ఎవడు మోసుకుపోవాలి? ఇప్పుడు ముఖం మిషన్ పుణ్యమా అని అందరూ ర్యాంప్ మీద ఖుబూస్ రొట్టె చాయ్‌లో ముంచుకుని తింటున్నారు. ఆరు రోజులుగా అదే తిండి.

"అంటే వంట కోసరం కార్డులు మార్చుకున్నారా?"

"వంటతోనే షురూ అయింది మేడం" అన్నాడు. మంచం కింద నుంచి ఒక క్యారం బోర్డు తీసుకురమ్మని రూములోవాణ్ణి పిలిచాడు.

బోర్డు మీద సుద్దముక్కతో గంటల గళ్లు గీసి ఉన్నాయి. ఒక సంచిలోంచి నీళ్ల సీసాల మూతలు కుమ్మరించాడు. ఒక్కో మూత మీద రూము నంబరు. ప్రతి గురువారం రోస్టర్ అంటించగానే గంగాప్రసాద్ చదివి చెబుతాడు. నాలుగింటికి పదిమంది, అయిదింటికి పద్నాలుగుమంది, ఇలా. పెద్దులు ఆ అంకెల ప్రకారం మూతలు పేరుస్తాడు. పేర్లు చూడడు, అంకెలే చూస్తాడు. పద్నాలుగు కావాల్సిన చోట పద్నాలుగు మూతలే పెడతాడు. రూము చెదరకుండా, వంట వంతు తప్పకుండా, వరసగా రెండు వారాలు ఏ రూముకూ తెల్లవారుజాము డ్యూటీ పడకుండా జరుపుతాడు. మూతలు కుదిరాక ఎవరి కార్డు ఎవరికన్నది పంచుతాడు. మొదటివారం మూడు గంటలు పట్టిందట, ఇప్పుడు గంటలో అయిపోతుందట.

శ్రీలత బోర్డు మీదికి వంగింది. అతని వేళ్లు మూతలను జరుపుతుంటే తన ప్రోగ్రామ్ లోపల జరిగే పని కళ్లముందు కనిపించింది. ఒక మూత ఇటు తెస్తే అటు కొరత, ఆ కొరతకు ఇంకో మూత. ఎక్కడా మొత్తం మారదు. ఎవరూ నేర్పకుండా ఈ మనిషి దీన్ని గోళీలాట ఆడినంత సులువుగా ఆడుతున్నాడు. ఆమెకు ఒక్కక్షణం అసూయ కూడా వేసింది.

"గంటకు ఎందరు గావాల్నో మీకు తెల్సు మేడం. మీ లెక్క మంచిగున్నది, దాంట్ల ఒక్క మనిషిని అటిటు పెట్టలే. ఎవలతోని ఎవలో, గది మాకు తెల్సు."

ఆమెకు జనవరి గుర్తుకొచ్చింది. తను వారం రోజులు కొలిచిన ముఠా ఏదో అడిగింది. పెద్దులు నవ్వాడు. అది తన రూమేనన్నాడు. ఇండియా నుంచి లెక్కల మేడం వచ్చింది, మంచిగా చేసేవాళ్లను చూపించాలని కమ్రాన్ సాబ్ తమనే పంపాడన్నాడు. లోపల గంగాప్రసాద్ ఉంటే నోరు తెరవక్కర్లేదు, వాడు కుడిచెయ్యి చాపితే చిన్నది, రెండూ చాపితే మూట. ఒకే గిన్నెలో తిన్నవాళ్లకు చెప్పాలా అన్నాడు.

ప్లేటులో వేడన్నం, పుల్లటి పప్పు, పచ్చి ఉల్లిపాయ పెట్టిచ్చాడు. చాలా బాగుంది. తింటూండగానే శ్రీలతకు అసలు తప్పు ఎక్కడుందో కనిపించింది. ఒకే రూమువాళ్ల వేగాన్ని కొలుచుకెళ్లి, తొంభై ఆరుమందినీ ఎక్కడివాళ్లనక్కడ విడగొట్టి, ఆ వేగంతోనే పనిచేస్తారని రాసింది తను. ప్రోగ్రామ్ రాసేటప్పుడు మనుషులకు ఏమైనా షరతులుంటాయా అని కమ్రాన్‌ను ఈమెయిల్‌లో అడిగింది. లేబర్‌కు షరతులేముంటాయని జవాబు వచ్చింది. సరేనని ఆ గడి ఖాళీగా వదిలేసింది. క్యాంపు ఆఫీసుకు ఇరవై నిమిషాల దూరం, ఒక్కసారి కూడా రాలేదు. ఆమెకు తన మీద పట్టరాని కోపం వచ్చింది. అయినా అన్నం వదల్లేదు, వండిన మనిషి ఎదురుగా ఉన్నాడు.

*

బుధవారం పొద్దున కమ్రాన్ ఇచ్చిన బొత్తిని మళ్లీ తీసింది. అతను నేరాల చిట్టాగా ఇచ్చిన రెండు వేల మూడు వందల మార్పులూ ఇప్పుడు ఆమెకు బంగారంలా కనిపించాయి. ఏ విమానం దగ్గర నిజంగా ఏ అయిదుగురు పనిచేశారో అందులో ఉంది. ఒక్కో విమానానికీ పట్టిన సమయం ఆమె దగ్గర ముందే ఉంది. రెండూ కలిపింది. ఒకే రూములోవాళ్లు అయిదుగురు చేసిన విమానాలకు సగటున ఇరవై రెండున్నర నిమిషాలు. నేపాలీ రూమైనా, బెంగాలీ రూమైనా, తెలంగాణ రూమైనా అంతే. వేర్వేరు రూముల వాళ్లను కలిపినవాటికి ముప్పై దాటింది.

ప్రోగ్రామ్‌లో ఇరవై రెండు తీసి ముప్పై పెట్టి నడిపింది. నలభై నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. తొంభై ఆరుమంది చాలరు, నూట పదహారుమంది కావాలి. అంటే ఆగస్టు నుంచి అందరూ మెచ్చుకున్న ఆ రోస్టర్ మొదటి రోజు నుంచీ జరిగే పని కాదు. జరిగింది పెద్దులు మూతలతో పేర్చింది. గ్రాఫులన్నీ అతనివే, పొగడ్తలే ఈమెకు వచ్చాయి.

ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని కూడా ఆమెకు తెలుసు. కమ్రాన్ అడిగిన పేజీ రాసిచ్చి, నెమ్మదిగా రెండు వారాల తర్వాత రోస్టర్‌లో రూముల్ని కలిపేస్తే, కొత్త మెరుగుదల అని ఇంకోసారి చప్పట్లు కొట్టించుకోవచ్చు. హెడ్ ఉద్యోగానికి ఢోకా ఉండదు. ఆలోపు ఏడుగురు మాత్రం పనిదొంగలన్న ముద్రతో విమానం ఎక్కి ఉంటారు. ఇంత నీచమైన ఆలోచన తన బుర్రకు ఇంత చక్కగా, అంచెలంచెలుగా తోచినందుకు ఆమెకు సిగ్గేసింది.

తర్వాత తనకు చేతనైన పని చేసింది. తొంభై ఆరుమందిని పక్కన పెట్టి పన్నెండు రూములను తీసుకుంది. వంట వంతును షరతుగా రాసింది, వారం సెలవును రాసింది, రెండు వారాల తెల్లవారుజాము నియమాన్నీ రాసింది. నడిపింది. చాయ్ తెచ్చుకుందామని లేచేలోపే జవాబు వచ్చేసింది. ఇరవై సెకన్లు. తొంభై ఆరుమందీ సరిపోయారు, ఒక్క విమానమూ ఆలస్యం లేదు. షరతులు పెరిగితే లెక్క బరువెక్కుతుందని అనుకునేది. ఇక్కడ కుదించుకుపోయి తేలికైంది. కుర్చీలో కూర్చునే గట్టిగా నవ్వింది. పక్క బల్లవాళ్లు తలలు తిప్పి చూశారు.

మధ్యాహ్నం కమ్రాన్‌ను పిలిచి ముందుగా అతనికే చూపించింది. వెనకనుంచి పొడవడం ఆమెకు ఇష్టం లేదు. అతను చాలాసేపు అంకెలు చూసి, మిషన్‌కు డబ్బు పెట్టించింది నేను, ఇది చెబితే నేను మూర్ఖుణ్ణవుతానన్నాడు. మూర్ఖత్వంలో నాకు తోడు దొరికిందనుకుంటానంది. అతను నవ్వలేదు గానీ కాగితాలు చించిపారేయనూ లేదు.

*

గురువారం పదింటికి సాలిం గదిలో నలుగురు. సాలిం పాదాల దాకా దిగిన తెల్ల దిష్‌దాషాలో, తలకు మస్సర్ గుడ్డ చుట్టుకుని బల్ల వెనక. ఎదురుగా కమ్రాన్, శ్రీలత. పెద్దులు తలుపు దగ్గర నిలబడ్డాడు, ఉతికిన యూనిఫాం, దువ్విన తల. బల్ల మీద ఏడు కాగితాలు, వాటి పక్కన ఇంకో కవరు. ఆ కవరు మీద తన పేరు ఉండటం శ్రీలత చూసింది.

సాలిం అందరికీ ఫింజాన్ కప్పుల్లో కహ్వా కాఫీ పోయించాడు. పెద్దులుకు కూడా. తర్వాత ఆమె పేజీ కోసం చెయ్యి చాపాడు.

ఆమె పేజీ ఇచ్చింది. కానీ అతను చదివేలోపే నోటితో చెప్పేసింది. ఇంగ్లిష్‌లో, ముందు రాత్రి అద్దం ముందు అనుకున్న మాటలు కాకుండా అప్పటికప్పుడు వచ్చిన మాటలే. "పదకొండు వారాలు నా రోస్టర్‌ను ఎవరూ పాటించలేదు. అందుకే అది గెలిచింది. పాటించడం మొదలుపెట్టిన రోజే పడిపోయింది. ఈ కంపెనీకి రోస్టర్ వేసింది ఇతను."

 సాలిం పేజీని మొదటినుంచి చివరిదాకా చదివాడు. వెనక్కి తిప్పి గ్రాఫు చూశాడు. కమ్రాన్‌ను, ఇది నిజమేనా అని అడిగాడు.  అంకెల్లో తప్పు దొరకలేదన్నాడు కమ్రాన్. అతని నుంచి అంతకన్నా ఎక్కువ రాదు, అది చాలు.

"మరి నువ్వు నాకెందుకు?" అన్నాడు సాలిం ఆమె వైపు తిరిగి. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. అయినా జవాబు వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఏ గంటకు ఎందరు కావాలన్న అంకె తన దగ్గర్నుంచే పుట్టిందని, అది తప్పయి ఉంటే ఏ మూతలూ కుదిరేవి కావని చెప్పింది. తొంభై ఆరుమంది ఆయన బోర్డు మీద పడతారు. వచ్చే జనవరిలో దుక్మ్ విమానాలు తొమ్మిదై, మనుషులు నూట నలభై అయితే బోర్డు చాలదు, అప్పుడు నేను కావాలి. ఆయన లేకపోతే నేను మొదటి వారంలోనే మళ్లీ తప్పుతాను అంది.

సాలిం ఫింజాన్‌లో మిగిలిన కహ్వా తాగేశాడు. తర్వాత ఆమెను వదిలేసి పెద్దులు వైపు తిరిగి అరబ్బీలో ఏదో అడిగాడు. శ్రీలతకు అరబ్బీ సలాములు దాటి రాదు. పందొమ్మిదేళ్లలో పెద్దులు నేర్చుకున్న అరబ్బీ సైట్ల అరబ్బీ, వ్యాకరణం ఉండదు, మాట మాత్రం సూటిగా పోతుంది. అతను రెండు చేతులూ వెనక కట్టుకుని, ఆమె వంక ఒకసారి చూసి, తొందరపడకుండా జవాబిచ్చాడు. సాలిం ఇంకేదో అడిగాడు. దానికీ చెప్పాడు. డైరెక్టర్ మీసం కింద నవ్వు మొదలై, గట్టిగానే బయటికి వచ్చింది.

ఆ తర్వాత అంతా అయిదు నిమిషాల్లో తేలిపోయింది. కార్డులు మార్చడం మాత్రం తప్పే, ఏడుగురికీ తలా ఒక హెచ్చరిక కాగితం. ముఖం మిషన్ ఉంటుంది. శనివారం నుంచి రోస్టర్ రూముల ప్రకారం నడుస్తుంది, అతికించే ముందు పెద్దులు చూసి ఒప్పుకోవాలి. ఊరికి పంపే కాగితాలను సాలిం సంతకం పెట్టకుండానే కమ్రాన్ వైపు తోసేశాడు. శ్రీలత పేరున్న కవరును మాత్రం సొరుగులోకి జార్చి మూసేశాడు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆమెకు చురుక్కుమంది. ఇంటికి మళ్లీ ఫోన్ చేసి ఏం చెప్పాలో అని కూడా అనిపించింది.

వరండాలోకి వచ్చాక పెద్దులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. 

"సాలిం సాబ్ మిమ్మల్ని ఏమడిగినాడన్నా?"

"ఈ పిల్లను ఉంచుకోవాల్నా, పంపియ్యాల్నా అని అడిగిండు."

 లోపల ఏడుగురి వీసాల గురించి మాట్లాడుతున్నారనుకుంది శ్రీలత. తన గురించి కూడా అడుగుతారని, అదీ ఇతన్ని అడుగుతారని ఎక్కడ అనుకుంది?

"మీరేమన్నారు?"

"లెక్క వస్తది, తప్పైతె ఒప్పుకుంటది, గసొంటోల్లు దొరకరు అన్న." పెద్దులు దస్తీ తీసి ముఖం తుడుచుకున్నాడు. "పక్కానా అన్నడు. మూడు నెలలు సూసి చెప్త అన్న బిడ్డా."

బయట అతని కోసం ర్యాంప్ బస్సు హారన్ కొట్టింది. పదకొండింటి దుక్మ్ విమానం దిగే వేళయింది. పెద్దులు టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. శ్రీలత నవ్వుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్లి, కొత్త రోస్టర్‌ను అచ్చు తీయకుండా ఆపేసింది. ఆయన ఇంకా చూడలేదు.